బండి నిలుపు విధము



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము వినుటకు మిక్కిలి స్వల్పముగా తోచును. బండిని ఏ ముఖముగా నిలుపవలెను? మూతి గోడవైపునకా, వీధివైపునకా? రాజుల కథలు, యుద్ధముల కథలు విడిచి యీ పంతులు దీనికి చరిత్ర చెప్పవచ్చెనా యని మీలో గొందరు నవ్వుదురేమో. నవ్వినను చింతలేదు. పంట యింటికి వచ్చు దినములలో మన కల్లములందు లారీయో ట్రాక్టరో ఎటు తిరిగి నిలిచినదను దానిమీద ఒక్కొక్కప్పుడు ప్రాణములే ఆధారపడి యుండును. కనుక కొంచెము ఓపికతో వినుడు.

గుంటూరు మిరపయార్డులో ఋతువు ముమ్మరముగా నున్నప్పుడు మీరు పోయి చూచియుందురు. టిక్కీలు దించవచ్చిన లారీ ముందునకు పోయి, ఆగి, వెనుకకు నడచి, తన తోకను అరుగునకు ఆనించి నిలుచును. క్లీనరు ప్రక్కచెక్కను అరచేతితో చరచుచు "రానీ, రానీ" యని కేకవేయుచుండును. ఈ పద్ధతిని మోటారువారు పట్టణమునుండి తెచ్చిరని పలువురు తలంతురు. అట్లు కాదు. మోటారు పుట్టకముందే మన బండివాడు తోక కొట్టువైపునకును, నొగలు వీధివైపునకును ఉండునట్లు బండిని నిలిపెను. దానికి రెండు కారణములు గలవు. బరువు వెనుకనుండి దిగును, ఇది యొకటి. రెండవది, ఎడ్లను మరల కాడికి కట్టుటకు ముందు జాగా కావలెను. నొగలు గోడకు తగిలినచో ఎడ్లు నిలుచుటెక్కడ? గోడలోనా?

1861వ సంవత్సరమున అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి అచటి పత్తి ఇంగ్లండునకు చేరకపోవుటచే హిందూదేశపు పత్తికి గిరాకి హెచ్చినది. మన నల్లరేగళ్లలో పండిన పత్తికి విపణిలో కోకనాడా పత్తి యని పేరు. పండినది మన సీమలో, పేరు మాత్రము కాకినాడ రేవుది. ఆ పత్తియంతయు చేలనుండి కదలినది రెండెడ్ల బండ్లమీదనే. రైలు వచ్చిన పిమ్మటను స్టేషనుదాక మోసినది బండియే. బోరెములు నింపిన బండ్లు వరుసగా నిలిచినప్పుడు ఒక్కటి అడ్డముగా నున్నను వెనుకవి యన్నియు ఆగిపోవును. ఆ వరుసక్రమమును ఎవ్వరును శాసనముగా వ్రాయలేదు, బండివాండ్రే ఏర్పరచుకొనిరి. 1933లో మద్రాసు ప్రభుత్వము వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టమును చేసి పత్తి, వేరుసెనగ, పొగాకు మొదలగువాని క్రయవిక్రయములకు కట్టుబాటు కల్పించెను. కాటాకును కమీషనుకును నియమములు వచ్చినవి. బండి ముఖమునకు మాత్రము పాత వాడుకయే నియమము.

నల్లరేగడినిగూర్చి ఒక మాట. తొలకరి చినుకు పడెనా, ఆ నేలలో బండి నిలుపుట యనగా పాతిపెట్టుటయే. అందుచే పెద్దలు గరపనేల చూచి నిలిపెడివారు. చక్రము క్రింద రాయి పెట్టెడివారు. నా చిన్నతనమున కోటప్పకొండ తిరునాళ్లకు మేము బండిమీదనే పోతిమి. మా తాతగారు ప్రభల సంరంభమునకు దూరముగా, చెట్టుక్రింద, నొగలు దారివైపునకు త్రిప్పి బండి విప్పి, ఎడ్లను చక్రములకు కట్టెను. "ఇంత దూరముననా తాతయ్యా?" యని నేను గునిసితిని. "వచ్చునప్పుడు ఒక్కొక్కరుగా వత్తుమురా, పోవునప్పుడు అందరము ఒక్కమారే పోదుము" అనెను. ఆ రాత్రి జనము తిరిగినప్పుడు, లోపల దూర్చిన బండ్లు తెల్లవారుదాక కదలలేదు. మేము మాత్రము రెండవ జాముననే ఇల్లు చేరితిమి.

అయినను బండివానికి వెనుకకు నడచుట సులభముగాదు. ఎద్దు ముందునకు నడచుటకే పుట్టినది. కాడిని మెడతో వెనుకకు నెట్టుమన్న నాలుగడుగులు వేసి అడ్డము తిరుగును. అందుచే అతడు ఎడ్లను విప్పి, నొగలు చేతబట్టి, తానే బండిని నెట్టుకొనును. దీనికి ధర్మశాస్త్రమే సాక్షి. మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున బండివలన హాని కలిగినను దండన లేని సందర్భములు పది చెప్పబడినవి. ముకుత్రాడు తెగుట, కాడి విరుగుట, ఇరుసు విరుగుట, చక్రము విరుగుట మొదలగువానితో బాటు, బండి అడ్డముగా గాని వెనుకకు గాని మరలుటయు అందు చేరినది. కౌటిలీయార్థశాస్త్రమును ఇట్లే చెప్పుచున్నది. అనగా బండి వెనుకకు పోవుట తోలువాని చేతిలో లేని పనియని ప్రాచీనులు ఎరుగుదురు. ఐనను తోలువాడు నేర్పరి కానందున బండి తప్పుదారి పట్టి హాని జరిగెనా, బండి యజమానుడే రెండువందల పణములు కట్టవలెనని మనువు వెంటనే చేర్చెను. చేతగానివానికి పగ్గములిచ్చిన దొరదే తప్పన్నమాట. ఈ రెండవ మాటను నేటి లారీ యజమానులు చదువవలసి యున్నది.

ఇక మోటారు సంగతి. మన బండికి ఒక్కటే ఇరుసు. ఒక యెద్దును ఆపి రెండవదానిని నడపినచో ఉన్నచోటనే తిరుగును. నాలుగు చక్రముల బండికి ఆ సౌకర్యము లేదు. 1817లో మ్యూనిచ్ నగరపు బండ్ల శిల్పి లాంకెన్‌స్పెర్గర్ యనునతడు ముందరి చక్రములు రెండును వేర్వేరు కీళ్లమీద తిరుగు ఉపాయమును కనిపెట్టెను. మరుసటి యేడు ఆకర్మాన్ అనువాడు దానికి లండనులో పేటెంటు పొందెను. గుఱ్ఱపుబండికై పుట్టిన ఆ ఉపాయమే తరువాత మోటారుకారునకు సంక్రమించినది. దాని ఫలితమేమనగా, త్రిప్పుట ముందు చక్రములదే. వెనుక చక్రములు కేవలము అనుసరించును. మలుపు తిరుగునప్పుడు వెనుక చక్రము లోవంకకు కోసికొని పోవును. సందుమలుపులో లారీ వెనుకచక్రము అరుగు అంచును రాచుటకు ఇదే హేతువు.

కొమ్మమూరు కాలువలో పడవలను చూచినవారికి ఇది తేలికగా బోధపడును. పడవకు చుక్కాని వెనుక నుండును. అందుచే పడవ ముక్కును ఇరుకు రేవులో దూర్చి, తోకను ఇటునటు త్రిప్పుకొనవచ్చును. మోటారునకు చుక్కాని ముందున్నది. వెనుకకు నడచునప్పుడు మాత్రము ఆ చుక్కాని వెనుకబడును, మోటారు పడవవంటిదగును. తోక ఇరుకులోనికి పోవుచుండగా మూతి బయటి విశాలమున తిరుగును. ఇరుకు జాగాలో వెనుకకు నడచి నిలుచుట సులభమగుటకు కారణమిదియే.

మరి అందరును అట్లే నిలుపుదురా? నిలుపరు. అమెరికాలో నూటికి 76 మంది మూతిని ముందు దూర్చియే కారు నిలుపుదురని ఆ దేశపు ఆటోమొబైల్ అసోసియేషను 2015లో ప్రకటించి, వెనుకకు నడచి నిలుపుటయే మేలని వారికి హితవు చెప్పెను. వారి అలవాటునకు నాకు తోచిన కారణమొకటి గలదు. అంగడిలో కొన్న సరకు కారు వెనుక డిక్కీలో పెట్టవలెను. డిక్కీ దారివైపున నుండవలెను. మన బండివాని సరకు గోడవైపునకు పోవును గనుక తోక గోడవైపునకు వచ్చెను. వారి సరకు దారివైపునుండి వచ్చును గనుక తోక దారివైపునకు తిరిగెను. సూత్రమొక్కటే, దిక్కులు వేరు. మన కల్యాణమండపముల ముందు మూతులు దూర్చి నిలిపిన కార్లకు మాత్రము ఈ సూత్రము వర్తింపదు; అచట విస్తరి తొందర తప్ప వేరు శాస్త్రము లేదు. వైశాఖమాసములోనైతే ఏ సూత్రమును పనికిరాదు. వేపచెట్టు నీడ యెటున్న కారు అటే.

ట్రాక్టరు కథ వేరు. వెనుక తగిలించిన తొట్టిని ఎడమకు పంపవలెనన్న వెనుకకు నడచునప్పుడు మొదట చక్రము కుడికి త్రిప్పవలెను. ఇది చాలమందికి చేతగాదు. అందుచే ట్రాక్టరువాడు ఒక ప్రక్క దూరి మరియొక ప్రక్క వెడలుటకే ఇష్టపడును. కల్లమునకు రెండు దారులు విడిచిన రైతు తెలివిగలవాడు.

నేను పనిచేసిన యొక గ్రామమున మిరపకోతకు పొరుగు సీమలనుండి కూలీలు పిల్లలతో వచ్చెడివారు. ఒక సాయంకాలము, నింపిన తొట్టితో మూతి లోపలికి నిలిచియున్న ట్రాక్టరును డ్రైవరు వెనుకకు నడపెను. ఆ తొట్టి నీడలో నిద్రించుచున్న యొక పసివానికి కాలు విరిగినది. ప్రాణము దక్కినది. ఆ రాత్రి రచ్చబండమీద పెద్దలు కూర్చుండి చాలసేపు తర్కించిరి. డ్రైవరుదే తప్పని కొందరు, తల్లిదని కొందరు. చివరకొక వృద్ధుడు చెప్పిన మాట నాకు నేటికిని మరపు రాలేదు. "ఒకే దారి యున్నచోట వెనుకకు నడచుట తప్పదు. రాగానే నడచునా, పోవునప్పుడు నడచునా అన్నదే మన చేతిలో నున్నది. రాగానే యైన కల్లము ఖాళీగా నుండును, తొట్టి ఖాళీగా నుండును, వెలుతురుండును. పోవునప్పుడైన చీకటి, బరువు, జనము." మరునాటినుండి ఆ యూర, కూలీలు రాకముందే బండి వెనుకకు నడచి, మూతి బాటవైపునకు త్రిప్పి నిలువవలెనను కట్టుబాటు జరిగినది.

2008 మే నెలలో గుంటూరు మిరపయార్డున అగ్నిప్రమాదము జరిగి అపారమైన సరకు బూడిదయైనది. ఎండిన మిరపకాయకు నిప్పు తగిలిన ఎట్లుండునో, ఆ ఘాటులో కన్నులు తెరచుట యెట్టి కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. అట్టి వేళ వెనుకకు నడచి, త్రిప్పుకొని, దారి వెదకుకొనుట మనుష్యునకు సాధ్యమా?

చట్టమును మారినది. 1989లో హిందూదేశ ప్రభుత్వము చేసిన రోడ్డు నియమములు, వాని స్థానమున 2017లో వచ్చిన నియమములు, అపాయము లేదని నిశ్చయించుకొననిదే ఏ డ్రైవరును వాహనమును వెనుకకు నడపరాదని విధించినవి. వెనుకకు మరలిన బండిని మనువు క్షమించెను. నేటి చట్టము డ్రైవరును బాధ్యుని చేసినది. ఎద్దునకు మనసు గలదు, యంత్రమునకు లేదు గనుక ఇది న్యాయమే యని నా అభిప్రాయము.

ఇప్పటి కొన్ని కార్లకు వెనుక చూపు అద్దపుకన్ను, కూతపెట్టు యంత్రము అమర్చియుండును. మన ట్రాక్టరు తొట్లకు అవి లేవు. అచట డ్రైవరునకు కన్ను క్లీనరే. అతడు డ్రైవరునకు కనబడునట్లు ఎడమప్రక్కన నిలిచి, పిల్లలను తొలగించి, బండి ఆగిన తోడనే చక్రము క్రింద రాయి పెట్టవలెను. ఈ యేటి మిరపకోత మొదలగునప్పుడు మీ యూరి కల్లమున ఆ పని యెవరిదో ముందుగానే పేరుపెట్టి చెప్పి యుంచుడు.