ముష్తరీ మీద సాయా

మా ఇంట్లో బృహస్పతిని ముష్తరీ అంటాం. దాదీమా నేర్పిన పేరు. ఓ రాత్రి పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్లాను. ముష్తరీ చాంద్‌లలో ఒకటైన అయో సాయా ఆ గ్రహం మీద నల్లచుక్కలా కదులుతుంది, తొమ్మిదింటికి చూపిస్తానని వాదా చేశాను. నాలుగు అంగుళాల దూర్బీన్ ముందు గంటసేపు ఇంతెజార్. ఏమీ రాలేదు. తర్వాత చూస్తే నేను రాసుకున్న వక్త్ గ్రీనిచ్‌ది! ఐదున్నర గంటలు కలపడం మరిచాను. సాయా వచ్చేది రాత్రి రెండున్నరకి. అప్పటికి పిల్లలు నిద్రపోయారు.

గల్తీ నాదే. కానీ తవారీఖ్‌లో గల్తీ అనిపించి గల్తీ కాని ఆలస్యం ఒకటుంది.

1610 జనవరిలో గెలీలియో ముష్తరీ చుట్టూ నాలుగు చాంద్‌లను కనుగొన్నాడు. అన్నిటికన్నా లోపల ఉన్న అయో చక్కర్ 42 గంటలన్నర. ఆకాశంలో వేలాడదీసిన గడియారమే! 1668లో కసీనీ ఈ చాంద్‌ల హిసాబ్‌ని పట్టికలుగా అచ్చువేశాడు. ప్యారిస్‌లో ఆయనతో కలిసి పనిచేసిన ఓలె రోమర్‌కి ఓ తేడా కనిపించింది. భూమి ముష్తరీకి దూరమవుతున్న నెలల్లో అయో గ్రహణాలు ఆలస్యం, దగ్గరవుతుంటే త్వరగా. 1676 నవంబర్ 9న అయో ముష్తరీ నీడలోంచి పది నిమిషాలు ఆలస్యంగా బయటికొస్తుందని రోమర్ ముందే చెప్పాడు. అలాగే జరిగింది. అయో లేటు కాలేదు, రోష్నీ సఫర్‌కే వక్త్ పట్టింది. కసీనీ మాత్రం ఒప్పుకోలేదు. భూకక్ష్య వ్యాసం దాటడానికి రోష్నీకి 22 నిమిషాలని రోమర్ అంచనా. అసలు లెక్క పదహారున్నర నిమిషాలకు కాస్త ఎక్కువ. అయినా రోష్నీకీ ఓ వేగం ఉందని దునియాకి రుజువు దొరికింది.

ఈసారి మా తయారీ పక్కా. వక్త్‌కి ఐదున్నర గంటలు కలిపాను. ఆ సమయానికి ముష్తరీ మా డాబా మీంచి ఎత్తులో ఉంటుందా అని చూశాను. ముష్తరీ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజుకి ముందైతే సాయా ముందు, చాంద్ వెనక. ఆ రోజు దాటాక చాంద్ ముందు, సాయా వెనక. సాయా దాటడానికి రెండు గంటల పైనే పడుతుంది కాబట్టి పిల్లల్ని తొందరపెట్టక్కర్లేదు.

ముష్తరీ నుంచి రోష్నీ మనదాకా రావడానికి అరగంట పైనే పడుతుందని చెబితే చిన్నోడు అడిగాడు: "అమ్మీ, అయితే మనం చూసేసరికి అక్కడ అయిపోయి ఉంటుందా?"

రోమర్ కథ వాడికి అర్థమైందని అప్పుడే తెలిసింది నాకు.