రాచపుండు, గడ్డ, మాంసార్బుదం: ఒక వ్యాధి నామచరిత్ర

తెలుగువారు క్యాన్సర్‌ను తరతరాలుగా రాచపుండు అన్నారు. ఆ పేరులోనే పుండు ఉంది. చర్మం చిట్లి రసి కారే రోగానికే అది తగిన మాట. తొడలోనో జబ్బలోనో కండ లోతున పుట్టి, పైచర్మం చెక్కుచెదరకుండానే పెరిగే సార్కోమా ఆ మాటకు అందదు. దానికి మిగిలేది గడ్డ అన్న పేరే. సెగగడ్డా గడ్డే, కొవ్వుగడ్డా గడ్డే. ఈ అరుదైన వ్యాధి ఆలస్యంగా గుర్తింపబడటానికి గల కారణాలలో ఈ భాషాపరమైన లోటునూ చేర్చవలసి ఉంటుంది.

సంస్కృత వైద్యంలో మాత్రం దీనికి దగ్గరి పేరు ఉంది. పిడికిలి పోటు వంటి దెబ్బకు కండ చెడి, నొప్పిలేని, నునుపైన, పక్వానికి రాని, రాయిలా కదలని వాపు పుడుతుందనీ, అది అసాధ్యమనీ సుశ్రుతసంహిత నిదానస్థానం మాంసార్బుదాన్ని వర్ణించింది. దెబ్బను కారణంగా నేటి వైద్యం అంగీకరించదు. తడిమి చూసుకున్నప్పుడు అంతకుముందే ఉన్న గడ్డ చేతికి తగులుతుందంతే. నొప్పి లేకపోవడమన్న పరిశీలన మాత్రం నేటికీ చెల్లుతుంది. చిక్కంతా అక్కడే. ధర్మవరంలో గుంటమగ్గం మీద రోజంతా కాళ్లాడించే నేతగానికి నొప్పిలేని తొడవాపు పనివల్ల వచ్చినదిగానే తోచవచ్చు.

చికిత్స చాలాకాలం దూరాభారం. 1953 వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనిది. అడయారు క్యాన్సర్ సంస్థ 1954లో వెలసింది. 1973లో బెంగళూరులో కిద్వాయి సంస్థ ఏర్పడడంతో ధర్మవరం, పెనుకొండ, హిందూపురాల మీదుగా సాగే రైలుమార్గమే రోగులకు దగ్గరి దారి అయింది. హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే, కాని రాష్ట్రం వేరు. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో నాటి అనంతపురం ఒకటి కావడం ఈ దృష్ట్యా గమనార్హం.

ఒకప్పుడు ఈ వ్యాధికి కాలో చెయ్యో తీసివేయడమే ప్రధాన చికిత్స. 1982లో అమెరికాలో రోజెన్‌బర్గ్ బృందం 43 మంది రోగులపై జరిపిన పరిశోధనను ప్రకటించింది. అవయవాన్ని నిలిపి, గడ్డను తొలగించి రేడియేషన్ ఇచ్చినవారికీ, అవయవం తొలగించినవారికీ మొత్తం మనుగడలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అయితే కండ లోతున 5 సెంటీమీటర్లు మించిన గడ్డకు స్కానింగ్, ముక్కపరీక్ష ముందు జరగాలి. కొవ్వుగడ్డగా భావించి ముందే కోసినచోట కణాలు చుట్టుపక్కల కండలోకి చెదిరి, రెండోసారి మరింత వెడల్పుగా కోయవలసి రావచ్చు.