రెండు వేల ఏళ్ల తోపడ: మనకు ఏది చాలు?



మంచానికి కొత్త పట్టె వేయాలన్నా, వానకు ఉబ్బిన తలుపు సరిచేయాలన్నా ఒకప్పుడు వడ్రంగికి కబురు పెడితే చాలు. ఇప్పుడు చిన్న పనికి మనిషి దొరకడం కష్టమైంది. అందుకే మనమే ఒక తోపడ కొనుక్కుందాం అనుకునేవాళ్లు పెరిగారు. తెలంగాణలో దీన్నే రందా అంటారు. తీరా కొనబోతే ఒకటి వందల్లో, ఇంకోటి వేలల్లో ఉంటుంది. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే దాని చరిత్ర చూడాలి.

క్రీ.శ. 79లో ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పాంపే పట్టణం బూడిదలో కూరుకుపోయింది. అక్కడి తవ్వకాల్లో తోపడలు కూడా దొరికాయి. అప్పటి రోమన్ తోపడ కూడా మనకు తెలిసిన తీరుదే. ఒక దిమ్మ, అందులో వాలుగా నిలిపిన బ్లేడు, దాన్ని బిగించే ముక్క. చాలావాటికి అడుగున ఇనుప రేకు వేశారు.

తర్వాత వందల ఏళ్లు చెక్క తోపడలే ఎక్కువగా నడిచాయి. దిమ్మను వడ్రంగి తానే చేసుకోగలడు, ఖరీదంతా బ్లేడుదే. దాన్ని కాస్త దించాలన్నా, ఎత్తాలన్నా సుత్తితో తట్టాలి. ఆ తట్టుడు చేతికి రావడానికే ఏళ్లు పట్టేది.

19వ శతాబ్దంలో స్కాట్లాండులోని అయర్ ఊళ్లో స్పియర్స్, ఆ తర్వాత లండన్‌లో నోరిస్ లోహపు తోపడలు చేశారు. అద్భుతమైన పని, ధర కూడా అలాగే ఉండేది. అదే కాలంలో అమెరికాలో లియొనార్డ్ బెయిలీ మరో దారి పట్టాడు. పోత ఇనుముతో ఒళ్లు, వెనక ఒక మర. ఆ మర తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి దిగుతుంది, ఎక్కుతుంది. 1869లో ఆయన పేటెంట్లను స్టాన్లీ కంపెనీ కొని, ఫ్యాక్టరీలో వేలకు వేలు చేసింది. పేటెంటు గడువు తీరాక ఆ నమూనా అందరిదైంది. ఇంగ్లండులో రికార్డ్ కంపెనీ 1931లో మొదలుపెట్టింది. మన దేశంలో చేసే ఇనుప తోపడల్లోనూ ఎక్కువ భాగం ఆ బెయిలీ నమూనావే.

అంటే చవక తోపడలోనూ, ఖరీదైన దాంట్లోనూ ఉన్న ఏర్పాటు ఒకటే. ఎక్కువ డబ్బు పోసేది అడుగు సాపుగా, బ్లేడు గట్టిగా ఉండటానికి. ఆ అడుగు మనమే సాపు చేసుకోవచ్చు. మందపాటి అద్దం మీద గరుకు కాగితం పరిచి రుద్దితే ఒక పూట పని.

ఇక అతుకుల సంగతి. పట్టె కొనను నాలుకలా చెక్కి కోడు బెజ్జంలో దూరుస్తాం కదా, ఆ నాలుక మొదట్లో మూల ఉంటుంది. ఆ మూల దాకా కోయడానికి షోల్డర్ ప్లేన్ అని వేరే ఉంది. దాని బ్లేడు ఒంటి వెడల్పంతా ఉంటుంది. ఖరీదెక్కువ. ఏడాదికి నాలుగు అతుకులు వేసే మనకు అది అక్కర్లేదు. ఒంటిచేత్తో పట్టే చిన్న బ్లాక్ ప్లేన్ చాలు. మూలలో మిగిలే సన్నటి గీతను పదునైన ఉలితో తీసేయొచ్చు.

బ్లాక్ ప్లేన్‌లో కూడా తక్కువ వాలుది అడగండి. మామూలు తోపడలో బ్లేడు 45 డిగ్రీల్లో కూర్చుంటుంది. ఇందులో 12 డిగ్రీలే, పైగా నూరిన వైపు పైకి ఉంటుంది. 25 డిగ్రీలకు నూరితే కర్రకు తగిలేది 37 డిగ్రీలు. అందుకే కర్ర కొనలను పీచు లేవకుండా కోస్తుంది.

పాతది కొంటే ముందు అడుగున బ్లేడు బయటికొచ్చే సందు చుట్టూ చూడండి. పోత ఇనుము కిందపడితే అక్కడే చిట్లుతుంది. చిట్లింది ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తుప్పు ఫర్వాలేదు, పోతుంది.

ఎరువులకు, విత్తనాలకు పోను మిగిలిన డబ్బుతో కొనేది, పేరు చూసి ఇవ్వకండి. మిగిలిన దాంతో ఒక మంచి సానరాయి కొనండి. మొండి బ్లేడుతో ఏ కంపెనీ తోపడైనా దండగే. అటక మీద తాతల నాటి చెక్క తోపడ ఉంటే మాత్రం పొయ్యిలో పెట్టకండి. బ్లేడు నూరి చూడండి, కొత్తది కొనే పనే ఉండకపోవచ్చు.