ముస్తఫా ఏ చందాలోనూ లేడు

2025 సెప్టెంబర్‌లో నింటెండో ఒక ప్రకటన చేసింది. 1995లో విడుదలై, ఏడాది తిరక్కుండానే మూలనపడ్డ వర్చువల్ బాయ్ యంత్రపు ఆటల్ని తన ఆన్‌లైన్ చందాదారుల కోసం మళ్ళీ తెస్తానంది. ఆ ఆటలు ఆడాలంటే చందా ఒక్కటే చాలదు, కళ్ళకు ఆనించుకునే పరికరం విడిగా కొనుక్కోవాలి. పాత యంత్రం రూపంలో చేసిన ప్లాస్టిక్‌ది దాదాపు 100 డాలర్లు, అట్టముక్కతో చేసింది దాదాపు 25. నల్ల తెర మీద ఎర్ర గీతల బొమ్మలు చూపించే ఆ యంత్రం అప్పట్లో ప్రపంచం మొత్తం మీద 8 లక్షలు కూడా అమ్ముడుపోలేదు. అంతగా దెబ్బతిన్న సరుకుకు ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ ప్రాణం పోయగలిగారంటే, ఆటల అసలు ప్రతులూ వాటి హక్కుల కాగితాలూ ఆ కంపెనీ చేతిలో ఉన్నాయి కాబట్టే.

2005 నుంచి కొన్నేళ్ళు మాదాపూర్‌లో గేమ్ టెస్టర్‌గా పనిచేసినదాన్ని. ఆ వార్త చదివాక మన ఊరి ఆటల సంగతేమిటన్న ఆలోచన నన్ను వదల్లేదు. హైదరాబాద్ ఆడిన ఆటలున్నాయి, హైదరాబాద్ తయారుచేసిన ఆటలూ ఉన్నాయి. వాటిలో ఎన్ని తిరిగొస్తాయి?

ముందు ఆడినవాటి గురించి చెప్తాను. 1990ల నడుమ సెగా కంపెనీ షా వాలెస్ ద్వారా మన దేశంలో మెగా డ్రైవ్ అమ్మింది. ధర 18,000 రూపాయలు. దిగుమతి సుంకమే 80 శాతం ఉన్న రోజులవి. సర్కారు ఉద్యోగి ఇంట్లో అది ఊహకు కూడా అందని సొమ్ము. అందుకే మన ఇళ్ళలోకి వచ్చినవి నింటెండో పాత యంత్రానికి నకళ్ళు. కోఠి గుజరాతీ గల్లీలో, అబిడ్స్‌లో, సికింద్రాబాద్‌లో దొరికేవి. వాటిని ఎవరూ కన్సోల్ అనేవాళ్ళు కాదు, 'వీడియో గేమ్' అనేవాళ్ళు. కార్ట్రిడ్జ్‌ను 'క్యాసెట్' అనేవాళ్ళు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో క్యాసెట్ ఎప్పుడూ సొంతం కాదు. కోణార్క్ థియేటర్ వైపు ఒక సందులో షాపువాడు రోజుకింతని అద్దెకిచ్చేవాడు. శనివారం సాయంత్రం తెచ్చుకుంటే సోమవారం పొద్దున బడికి పోయే ముందు ఇచ్చెయ్యాలి. వేసవి సెలవుల్లో కాంట్రా క్యాసెట్ కోసం పేరు రాయించుకుని వంతు కోసం కాచుకునేవాళ్ళం.

ఇవాళ్టి చందా పద్ధతి చాలామందికి కొత్త వింతగా కనబడుతుంది గానీ, సొంతం కాని ఆటకు గడువు లెక్కన డబ్బు కట్టడం మన వీధులకు అప్పుడే బాగా తెలుసు. అమెరికాలో 1994 డిసెంబర్‌లో సెగా ఛానెల్ మొదలైంది. కేబుల్ వైరు ద్వారా నెలకు సుమారు 15 డాలర్లకు ఆటలు పంపేవాళ్ళు. యంత్రం ఆపేస్తే దింపుకున్న ఆట చెరిగిపోయేది. 1998లో ఆ సేవ ఆగిపోయింది. మా సందు షాపువాడికి ఆ సంగతి తెలిసే వీలే లేదు. అక్కడా ఇక్కడా ఒకే కాలంలో ఒకే వ్యాపారం నడిచింది.

వీడియో గేమ్ డబ్బాతో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ కూడా వచ్చేది. డక్ హంట్ ఆడటానికి. దాని పనితీరు ఎంత తెలివైనదో పెద్దయ్యాక గానీ నాకు తెలియలేదు. తుపాకీ నుంచి టీవీకి ఏదీ పోదు. మీట నొక్కిన క్షణంలో తెర ఒక్క లిప్తపాటు నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్న చోట తెల్ల చదరం మెరుస్తుంది. తుపాకీ గొట్టంలో ఉన్న చిన్న వెలుతురు కన్ను ఆ తెలుపును పట్టుకుంటే బాతు పడినట్టు. రెండు బాతులుంటే రెండు చదరాలూ ఒకదాని వెనక ఒకటి మెరుస్తాయి. తెలుపు ఏ వంతులో కనబడిందన్నదాన్ని బట్టి ఏ బాతో తేలుతుంది. ఇదంతా పాత పిక్చర్ ట్యూబు టీవీ బొమ్మను ఆలస్యం లేకుండా గీస్తుందన్న నమ్మకం మీద కట్టిన లెక్క. ఇప్పటి ఫ్లాట్ టీవీ బొమ్మను ముందు సవరించుకుని తర్వాత చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యానికే తుపాకీ గుడ్డిదవుతుంది. నా కొడుకు మా అమ్మ ఇంటి అటక మీది తుపాకీ తెచ్చి, "ఒక్క బాతూ పడటం లేదేంటమ్మా?" అన్నప్పుడు వాడికి ఇదే విడమరిచి చెప్పాను. 2014లో నింటెండో తన వీ యూ యంత్రం మీద డక్ హంట్‌ను మళ్ళీ విడుదల చేసినప్పుడు తుపాకీ బదులు వీ రిమోట్‌తో గురిపెట్టేలా మార్చింది అందుకే.

పాత ఆటలకు ప్రత్యేక పరికరాలు అమ్మడాన్ని ఉత్త డబ్బు గుంజుడు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. 2018 సెప్టెంబర్‌లో నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందా మొదలైనప్పుడు అందులో 20 పాత ఆటలున్నాయి. వాటికోసం పాత రూపంలో చేసిన కంట్రోలర్ల జతను 60 డాలర్లకు, చందాదారులకు మాత్రమే అమ్మారు. 2021 అక్టోబర్‌లో 'నింటెండో 64' యంత్రపు ఆటలు చేరాయి, వాటితో మూడు కొమ్ముల కంట్రోలర్ మళ్ళీ వచ్చింది. ధర ఎక్కువే. కానీ ఆ ఆటల్ని ఆ కంట్రోలర్ చేతిలో ఉంటుందన్న లెక్కతోనే రాశారు. బొటనవేలికి దొరికే మీటల అమరిక మారితే ఆట కష్టం మారుతుంది, వేగం మారుతుంది. ఇది నాకు చదువు వల్ల తెలిసింది కాదు, ఉద్యోగం నేర్పింది.

ఆ ఉద్యోగం దగ్గరికి వస్తాను. 1998 నవంబర్‌లో ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఏడేళ్ళు గడిచేసరికి ఆ చుట్టుపక్కల బ్యాంకు సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆటల పని కూడా బాగా పెరిగింది. నేను కోఠి నుంచి కొండాపూర్ వెళ్ళే 127కె బస్సు దిగి ఆఫీసుకు నడిచేదాన్ని. మేం చేసింది పోర్టింగ్. విదేశాల్లో ఎప్పుడో పేరు తెచ్చుకున్న ఆటను జావా ఫోన్లలో ఆడేలా మళ్ళీ కట్టడం. ఆ కాలపు నోకియా సిరీస్ 40 ఫోన్లలో చాలావాటికి ఆట ఫైలు 64 కిలోబైట్లు దాటకూడదు. తెర కొలతలు ఫోనుకొకటి: 128కి 128, 128కి 160, 176కి 208, 240కి 320. ఒకే ఆటకు పదుల కొద్దీ బిల్డులు. పాట పట్టకపోతే పాట తీసేసేవాళ్ళు. వెనక మబ్బులు పట్టకపోతే ఆకాశం ఒకే నీలిరంగుగా మిగిలేది. జాయ్‌స్టిక్ లేదు గనక 2, 4, 6, 8 అంకెలే దిక్కులు, 5 తుపాకీ. ఆట మధ్యలో ఫోన్ వస్తే ఆట ఆగాలి, పెట్టేశాక ఆగిన చోటే మొదలవ్వాలి. పక్క సీటు నుంచి నాకు ఫోన్ చేయించుకుని, ఎత్తి, పెట్టేసి, మళ్ళీ చేయించుకోవడం నా రోజువారీ పని.

ఆ పని వెనక చాలా పెద్ద డబ్బు తిరిగేది. 2005లో జామ్‌డాట్ అనే అమెరికా కంపెనీ, ఫోన్లలో టెట్రిస్ అమ్ముకునే హక్కున్న చిన్న సంస్థను దాదాపు 13.7 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. మరుసటి ఏడాదే జామ్‌డాట్‌ను ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కొనేసింది. ఆ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాద్‌లో స్టూడియో ఉంది, గేమ్‌లాఫ్ట్ కూడా ఇక్కడ స్టూడియో పెట్టింది. 1984లో మాస్కోలో పుట్టిన ఆటకు ఇరవై ఏళ్ళ తర్వాత అంత వెల పలికింది. పాత ఆటను కొత్త తెరకు తేవడం గిరాకీ ఉన్న వృత్తి అని ఆ బేరంతో మాకు తెలిసొచ్చింది.

అమ్మకం ఇక్కడ ఫోన్ కంపెనీల మెనూ ద్వారా జరిగేది. ఎయిర్‌టెల్ లైవ్ లాంటివి తెరిస్తే డౌన్‌లోడ్‌కు ఇంతని, లేదా వారానికి, నెలకు ఇంతని బ్యాలెన్స్‌లోంచి పోయేది. అడగని ప్యాకులకు డబ్బు కోశారని జనం గొడవపెట్టారు. 2013 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్, ఇలాంటి సేవ మొదలుపెట్టేముందు వినియోగదారుడి నుంచి రెండుసార్లు ఒప్పుకోలు తీసుకోవాలని ఆదేశించింది. అప్పటికి జావా ఆటల కాలం అయిపోవచ్చింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. ఆ వేల బిల్డుల్లో ఇప్పుడు ఏ చందాలోనైనా కనబడేవి నాకు తెలిసి లేవు.

మనవాళ్ళు సొంతంగా చేసిన ఆటలూ ఉన్నాయి. 2008లో గజినీ హిందీ సినిమాతో పాటు కంప్యూటర్ గేమ్ వచ్చింది. చేసింది హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. సినిమా తీసింది గీతా ఆర్ట్స్. 2009లో ప్లేస్టేషన్ 2 మీద హనుమాన్: బాయ్ వారియర్ వచ్చింది. చేసింది హైదరాబాద్ ఆరోనా టెక్నాలజీస్, విడుదల చేసింది సోనీ. అదే ఏడాది హైదరాబాద్ గేమ్‌శాస్త్ర స్టూడియో దేశీ అడ్డా చేసింది. కబడ్డీ, గిల్లీ దండా, గాలిపటాలు ప్లేస్టేషన్ 2లోకి ఎక్కాయి. హనుమంతుణ్ణి ఆటబొమ్మ చేయడమేమిటని అమెరికాలోని ఒక హిందూ సంఘ నాయకుడు అభ్యంతరం చెప్పడంతో హనుమాన్ ఆట పేరు విదేశీ పత్రికలకూ ఎక్కింది. పెద్ద దేశాల ఆటల పక్కన పెడితే వాటి బొమ్మలు పేలవంగానే ఉంటాయి, విమర్శకులు మెచ్చుకోలేదు. అయినా నాకు అవి విలువైనవి. పరాయివాళ్ళ ఆటను చిన్న తెరకు సర్దుతూ వచ్చిన ఊరు, తన గిల్లీ దండాను ప్రపంచం ఆడే యంత్రం మీదికి ఎక్కించిన మొదటి ప్రయత్నాలవి.

2022లో సోనీ తన చందాను మూడు మెట్లుగా చేసింది. మన దేశంలో పై మెట్టు పేరు డీలక్స్, పాత ప్లేస్టేషన్ ఆటల జాబితా అందులోనే ఉంది. హనుమాన్ లేదు, దేశీ అడ్డా లేదు. నింటెండో చందా సంగతికొస్తే, ఆ కంపెనీ మన దేశంలో తన ఆన్‌లైన్ దుకాణమే తెరవలేదు. ఇక్కడివాళ్ళు అమెరికా ఖాతా తెరిచి డాలర్లలో కట్టుకుంటున్నారు, మా ఇంట్లోనూ అంతే.

ఇక ముస్తఫా. 1993లో క్యాప్‌కామ్ చేసిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్‌ను హైదరాబాద్‌లో ఆ పేరుతో అడిగితే ఎవరికీ తెలియదు. 'ముస్తఫా గేమ్' అంటే ఆ తరంలో తెలియనివాళ్ళు ఉండరు. నలుగురు వీరుల్లో ముస్తఫా ఒకడు, పరుగెత్తి ఎగిరి తన్నేవాడు. గేమ్ షాపుల్లో నాణెం వేసినవాళ్ళలో చాలామంది వాణ్ణే ఎంచుకునేవాళ్ళు. ఆ షాపులు మగపిల్లల చోట్లు. మా చిన్నమామ వెంటబెట్టుకు పోతే నేను హన్నాను ఎంచుకునేదాన్ని, ఆ నలుగురిలో ఆడమనిషి తనొక్కతే. ఈ ఆటకు మూలం మార్క్ షుల్ట్జ్ గీసిన జెనోజోయిక్ టేల్స్ కామిక్. పేరులో ఉన్న క్యాడిలాక్ జనరల్ మోటార్స్ కారు. ఇన్ని చేతుల్లో హక్కులున్న ఆట ఇంటి కన్సోళ్ళ మీదికి ఎన్నడూ రాలేదు. 2018లో క్యాప్‌కామ్ తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని ఒక కట్టగా అమ్మింది, అందులోనూ లేదు. హైదరాబాద్ వీధులు అన్నిటికన్నా ఎక్కువగా ప్రేమించిన ఆటను ఇవాళ ఎంత డబ్బు పెట్టినా ఏ చందాలోనూ సక్రమంగా ఆడలేం.

ఇది మన ఒక్కరి గతి కాదు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ చేసిన అధ్యయనం ప్రకారం, 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవు. చందాలో, ఆన్‌లైన్ దుకాణంలో ఉన్నవైనా శాశ్వతం కాదు. నింటెండో వీ దుకాణం 2019 జనవరిలో మూతపడింది, వీ యూ, 3డీఎస్ దుకాణాలు 2023 మార్చిలో మూతపడ్డాయి. చందా వల్ల పాత ఆట కొత్త పిల్లల చేతికి వస్తోంది, అది మంచిదే. భద్రపరచడం మాత్రం వేరే పని. అది ఎవరో ఒకరు పూనుకుని చెయ్యాలి.

తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఇమేజ్ విధానం తెచ్చింది. 2017 నవంబర్‌లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ భవనంలో ఒక్క గది పాత ఆటలకు కేటాయించమని అడుగుతున్నాను. అందులో పనిచేసే పిక్చర్ ట్యూబు టీవీ ఒకటి, ప్లేస్టేషన్ 2 ఒకటి, జావా ఫోన్లు కొన్ని ఉంటే చాలు. ఈ లోపల మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ స్టూడియోల్లో పనిచేసిన నా తోటివాళ్ళకు ఒక మాట. మార్కర్‌తో బిల్డు నంబరు రాసిన సీడీలు మీ బీరువాల్లో ఇంకా ఉంటే ఇప్పుడే హార్డ్ డిస్కులోకి ఎక్కించండి. ఏ ఆటకు ఎవరు బొమ్మలు గీశారో, ఎవరు కోడ్ రాశారో, ఇవాళ హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో గుర్తున్నంతవరకు కాగితం మీద పెట్టండి. హనుమాన్ డిస్కు గానీ, దేశీ అడ్డా డిస్కు గానీ ఇంట్లో ఉంటే పాత సామాన్లవాడికి వెయ్యకండి.