గుట్ట చాటు ఫ్యాక్టరీ

మన బడిలో పదో తరగతి సోషల్ పాఠంలో హిరోషిమాకు దక్కింది ఒక్క వాక్యం. 1945 ఆగస్టు 6 అని బట్టీ పట్టాను, మార్కు వచ్చింది. ఆ తర్వాత ఆ ఊరు ఏమైందని మాస్టారిని అడగాలని తోచలేదు.

చాలా ఏళ్లకు, మన రోడ్ల మీద తిరిగే స్వరాజ్ మజ్దా వ్యాన్ల పేరు ఎక్కడిదా అని చదివితే, మజ్దా హిరోషిమా కంపెనీయే అని తెలిసింది! 1920లో కార్కు బిరడాల సరుకుతో మొదలైంది. దాన్ని నిలబెట్టిన జుజిరో మత్సుదా ఒక జాలరి కొడుకు, కమ్మరి కొలిమిలో పని నేర్చినవాడు. 1931లో మూడు చక్రాల ట్రక్కు చేశాడు. యుద్ధకాలంలో అదే ఫ్యాక్టరీ సైన్యానికి రైఫిళ్లూ చేసింది; అదీ చెప్పుకోవాలి.

బాంబు పడిన చోటికి ఫ్యాక్టరీ సుమారు 5 కిలోమీటర్లు. మధ్యలో హిజియామా అనే చిన్న గుట్ట. ఆ గుట్ట అడ్డుపడటంతో భవనాలు చాలావరకు నిలిచాయి. ఊళ్లోకి పనికి వెళ్లిన కార్మికులు మాత్రం ఎందరో తిరిగి రాలేదు. గాయపడ్డవాళ్లకు ఫ్యాక్టరీలోనే చికిత్స చేశారు. మన కలెక్టరేట్ లాంటి ప్రభుత్వ కార్యాలయం కూడా కొన్నాళ్లు అక్కడే నడిచింది.

ఆగస్టు 6 మత్సుదా పుట్టినరోజు. ఆ రోజుకు ఆయనకు 70 నిండాయి. డిసెంబరుకల్లా మూడు చక్రాల బండ్ల తయారీ మళ్లీ మొదలైంది. నాలుగు చక్రాల కారు 1960లో గానీ రాలేదు.

హెడ్మాస్టరు గారు ఒక్క పీరియడ్ ఇప్పిస్తే, మన పదో తరగతి పిల్లలకు ఆ డిసెంబరు గురించి చెప్పాలని ఉంది.