అల్లానికి అప్పచ్చి: జోన్‌బీల్ మేళా పుట్టుపూర్వోత్తరాలు

మనకు కనుమ, ముక్కనుమ గడిచే వేళకు అస్సాంలో మాఘ్ బిహు మంటలు చల్లారతాయి. ఆ వారంలోనే గురువారం నుంచి శనివారం దాకా, గువాహటికి తూర్పున మోరిగావ్ జిల్లాలో, జాగీరోడ్ దగ్గర ఒక చిత్తడి నేల ఒడ్డున జోన్‌బీల్ మేళా జరుగుతుంది. కొండ దిగివచ్చిన ఆడవాళ్లు అల్లం, పసుపు, మిరపకాయలు రాశులు పోసుకుని కూర్చుంటారు. మైదానం ఊళ్ల ఆడవాళ్లు ఇంట్లో చేసిన పిఠాలనే బియ్యప్పిండి అప్పచ్చులు, నువ్వుండలు, అటుకులు, ఎండుచేపలు పట్టుకుని వస్తారు. పొద్దు పొడవకముందే బేరాలు మొదలవుతాయి. ఆ బేరాల్లో పైసా చేతులు మారదు. అల్లం ఇస్తే అప్పచ్చి, పసుపు ఇస్తే ఎండుచేప.

డబ్బు పుట్టకముందు మనుషులు ఎలా బతికేవారో చెప్పే ఆనవాలు ఇదేనని చూడగానే అనిపిస్తుంది. దీని చరిత్ర అలా లేదు. ఈ మేళా రాజ్యాలు, నాణేలు, పన్నులు, సరిహద్దు తగాదాలు అన్నీ ఉన్న కాలంలోనే పుట్టింది. డబ్బు తెలిసిన మనుషులే ఏటా మూడు రోజులు దాన్ని పక్కన పెట్టారు. ఎందుకు పెట్టారో, ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబెట్టుకొచ్చారో తెలుసుకోదగిన సంగతి.

కొండకు లేనిది, మైదానానికి లేనిది

జోన్ అంటే చంద్రుడు, బీల్ అంటే చెరువులాంటి చిత్తడి నేల. నెలవంకలా వంగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. దీనికి దక్షిణాన కార్బీ ఆంగ్లాంగ్, మేఘాలయ కొండలు లేస్తాయి. ఉత్తరాన బ్రహ్మపుత్ర, దాని ఉపనదులు పరచిన ఒండ్రు మైదానం. ఇటు మైదానంలోనూ అటు కొండల్లోనూ తివా జాతి వాళ్లుంటారు. ప్రభుత్వ జాబితాల్లో వీళ్లకు లాలుంగ్ అనే పేరు కూడా ఉంది. కొండ తివాలు తమ భాషను నిలుపుకున్నారు, వాళ్లలో వంశం చాలావరకు తల్లి వైపు నుంచి సాగుతుంది. మైదానం తివాలు ఎక్కువగా అస్సామీ మాట్లాడతారు, వాళ్లకు వంశం తండ్రిది. మేళాకు తివాలతోపాటు కార్బీలు, ఖాసీలు, జయంతియాలు కూడా కొండ దిగుతారు.

రెండు నేలల పంటలు వేరు. కొండవాలులో అడవి నరికి, కాల్చి చేసే ఝూమ్ సేద్యంలో ఒకే చెక్కలో అల్లం, మిరప, నువ్వులు, గుమ్మడి, చేమ కలగలిపి వేస్తారు. పసుపు, మిరియాలు, తమలపాకు కూడా కొండ సరుకే. చేపలు మాత్రం అక్కడ అరుదు. మైదానంలో వరి, చేప పుష్కలం. అల్లానికి, పసుపుకు కొండ వైపు చూడాల్సిందే. మార్గశిరంలో శాలి వరి కోతలు అయిపోతాయి, ధాన్యం గాదెలకు చేరుతుంది, చలికాలపు నీళ్లు తగ్గి చేపలు చేతికి అందుతాయి. సరిగ్గా అప్పుడే కొండల్లో అల్లం, పసుపు తవ్వుతారు. రెండు వైపులా చేతినిండా సరుకున్న ఆ కొద్ది వారాల్లోనే మేళా పడుతుంది.

రాజ్యాల మధ్య సంత

అహోం రాజుల కాలంలో, 15వ శతాబ్దంలో ఈ మేళా మొదలైందని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. పొరుగు రాజులు, కొండ పెద్దలు ఏటా ఒకచోట కూడి దేశకాల పరిస్థితులు మాట్లాడుకోవడానికి దీన్ని ఏర్పాటు చేశారని ఆ కథనం. సుకాఫా 1228లో స్థాపించిన అహోం రాజ్యం క్రమంగా పడమటికి విస్తరించింది. కొండల మీద జయంతియా రాజ్యం ఉంది. ఈ రెండింటి నడుమ, కొండదారి మైదానంలో కాలుపెట్టే చోట, గోభా అనే చిన్న తివా సంస్థానం ఉంది. జయంతియా నుంచి అస్సాంలోకి వచ్చే వర్తకం ఎక్కువగా గోభా గుమ్మం దాటే వచ్చేది.

గుమ్మంలో ఉన్నవాడికి రెండు వైపుల నుంచీ ఒత్తిడి తప్పదు. గోభా పెద్దలు ఒకప్పుడు జయంతియాకు, మరొకప్పుడు అహోంలకు లోబడి నెట్టుకొచ్చారు. వైరం వస్తే కొండదారులు మూసి వర్తకం ఆపడం అప్పటి రాజనీతిలో ఒక ఆయుధం. 1707లో అహోం రాజు రుద్రసింహుడు జయంతియా మీదికి దండెత్తినప్పుడు సైన్యాలు నడిచింది కూడా ఇలాంటి దారుల్లోనే. దారి మూతపడితే రాజులకు పంతం నెగ్గుతుంది, కొండ ఇంట్లో చేప, మైదానం ఇంట్లో పసుపు కరవవుతాయి. అందుకే ఆ గుమ్మం దగ్గర ఏటా తప్పకుండా జరిగే ఒక కూడిక రెండు వైపుల జనానికీ ప్రాణావసరమైంది.

ఆ రాచరికపు గుర్తు ఇప్పటికీ ఉంది. గోభా రాజు పరివారంతో మేళాకు వస్తాడు, దర్బారు తీరుస్తాడు, వచ్చినవాళ్ల దగ్గర నామమాత్రంగా పన్ను వసూలు చేస్తాడు. ఆయనకు ఏ అధికారమూ లేదు. అయినా ఆ పన్ను ఎవరూ కాదనరు. ఈ కూడికకు ఒక పెద్దదిక్కు ఉందని అందరూ ఒప్పుకోవడమే ఆ చెల్లింపు.

పన్ను నగదుగా మారిన రోజులు

1832లో గోభా పాలకుడి మనుషులు బ్రిటిష్ ఏలుబడిలోని నలుగురిని పట్టుకుని, వారిలో ముగ్గురిని కాళికి బలి ఇచ్చారు. దోషులను అప్పగించమని ఈస్టిండియా కంపెనీ అడిగింది. జయంతియా రాజు రాజేంద్రసింగ్ అప్పగించలేదు. 1835లో కంపెనీ ఆయన మైదానం భూములను కలిపేసుకుంది, గోభాను నౌగావ్ జిల్లాలో చేర్చింది. మైదానం పోయాక ఒట్టి కొండలు తనకు అక్కర్లేదని రాజేంద్రసింగ్ వాటినీ వదులుకున్నాడు. కొండ, మైదానం ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఎంతగా బతికాయో రాజు చేసిన ఆ పని చెబుతుంది.

అహోం పాలనలో సామాన్యుడు రాజుకు ప్రధానంగా చాకిరీ రూపంలో బాకీ తీర్చేవాడు. పైకు అనే ఆ పద్ధతిలో వంతులవారీగా వెళ్లి పనిచేసేవారు. బ్రిటిష్ వాళ్లు శిస్తు నగదులో కట్టమన్నారు. చేతిలో నాణెం ఆడని ఊళ్లకు అది పెద్ద దెబ్బ. 1860లో నల్లమందు సాగు నిషేధించారు, ఆ వెనకే వక్కతోటలు, తమలపాకు తోటల మీద కూడా పన్ను వస్తుందన్న మాట పొక్కింది. నౌగావ్ దగ్గర ఫులగురిలో తివా రైతులు సభలు పెట్టి ఎదురుతిరిగారు. 1861 అక్టోబరు 18న వాళ్లను చెదరగొట్టడానికి వచ్చిన లెఫ్టినెంట్ సింగర్ ఆ గొడవలో చనిపోయాడు. తరువాత కాల్పులు, అరెస్టులు, శిక్షలు. అస్సాంలో బ్రిటిష్ పాలన మీద జరిగిన తొలి రైతు తిరుగుబాట్లలో ఒకటిగా ఫులగురిని చరిత్రకారులు చెబుతారు.

నగదు అంటే సర్కారు కోసం సంపాదించాల్సిన వస్తువుగా ఆ ఊళ్లలోకి అడుగుపెట్టింది. ఇంటి కోసం, చుట్టం కోసం జరిగే ఇచ్చిపుచ్చుకోవడం జోన్‌బీల్ ఒడ్డున పాత పద్ధతిలోనే సాగింది.

తిల్ పిఠా తయారయ్యే తీరు

మైదానం వైపు నుంచి వచ్చేవాటిలో అందరూ అడిగేది తిల్ పిఠా. బొరా అనే జిగురు బియ్యాన్ని రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, కాలితో తొక్కే ఢేంకిలో దంచి జల్లిస్తారు. మన అరిసెల పిండికి లాగే ఆ తడి ఆరిపోకూడదు. అయితే అరిసెకు పాకం పడతారు, దీనికి పాకమూ లేదు, చలిమిడీ లేదు. పొడిపొడిగా ఉన్న తడిపిండిని కాలిన పెనం మీద పలచగా గుండ్రంగా పరుస్తారు. బియ్యంలోని జిగురు, ఆ కాస్త తడి కలిసి పిండిని పట్టి ఉంచుతాయి. మధ్యలో వేయించి దంచిన నల్ల నువ్వులు, బెల్లం కలిపి గీతలా వేసి, పిండి పెళుసెక్కకముందే చేత్తో చుట్టేస్తారు. క్షణం ఆలస్యమైతే విరుగుతుంది, తొందరపడితే అంటుకుంటుంది. చెయ్యి తిరిగినవాళ్లకే సన్నటి గొట్టంలా నిలుస్తుంది.

నూనె లేదు, తడి మిగలదు కాబట్టి తిల్ పిఠా రోజుల తరబడి పాడవదు. నుదుటికి పట్టీ తగిలించి వీపున మోసే వెదురు బుట్టల్లో కొండ ఎక్కినా చెడదు. నూనెలో వేయించిన ఘిలా పిఠా, లారులనే కొబ్బరి ఉండలు, నువ్వుండలు, మరమరాలు, అటుకులు కూడా దూరప్రయాణానికి తగినవే. అటు నుంచి వచ్చే అల్లం, పసుపు, ఎండుమిర్చి కూడా నిలవుండే సరుకే.

ఇందులో మరో సంగతి ఉంది. అల్లం నేల ఇచ్చింది, తిల్ పిఠా ఒక ఇల్లాలు రెండు పూటలు నడుము వంచి చేసింది. బజారులో ఈ రెంటికీ ధర కట్టవచ్చు. ఇక్కడ కట్టరు. ఇంట్లో పండగకు చేసుకున్నదాంట్లోంచి ఇస్తున్నారు కాబట్టి, అది సరుకూ అవుతుంది, సారె కూడా అవుతుంది.

మామా, మామీ

కొండవాళ్లు ముందుగానే దిగివచ్చి వెదురు, గడ్డితో వేసిన పందిళ్లలో దిగుతారు. రాత్రంతా చలిమంటలు, పాటలు, కబుర్లు. అందరి క్షేమం కోరి అగ్నిపూజ చేస్తారు. మేళా రోజుల్లోనే జనమంతా బీల్‌లో దిగి, ఊతల్లాంటి వెదురు గంపలతో, వలలతో కలిసి చేపలు పడతారు.

కొండ నుంచి వచ్చినవాళ్లను మైదానం వాళ్లు మామా, మామీ అని పిలుస్తారు. మామా అంటే అమ్మకు తమ్ముడో అన్నో, మామీ ఆయన భార్య. ఆ వరస కలిపాక బేరం తీరే మారిపోతుంది. తూకం ఉండదు, ధర ఉండదు. పిఠాల కట్ట చూపిస్తే మామీ రెండు గుప్పిళ్ల అల్లం తీస్తుంది. ఇంకో కొమ్ము వెయ్యమంటే వేస్తుంది, లేదా నవ్వి పసుపు చూపిస్తుంది. చాలా ఇళ్ల వాళ్లు ఏటా అదే కొండ ఇంటివాళ్లను వెతుక్కుంటూ వెళతారు. ఈ ఏడు తక్కువ ముట్టితే వచ్చే ఏడు కాస్త ఎక్కువ పెడతారు. వరస ఒక పొద్దుతో తెగిపోదు కాబట్టి లెక్క కూడా ఒక పొద్దుతో తేలిపోనక్కర్లేదు.

ఈ చుట్టరికం ఉత్త మర్యాద మాట కాదు. ఈ ప్రాంతం మీద చాలా ఏళ్లు పనిచేసిన ఫ్రెంచి మానవశాస్త్రవేత్త ఫిలిప్ రామిరేజ్, 2014లో వచ్చిన తన పుస్తకంలో ఒక ఏర్పాటును వివరించాడు. తివా, కార్బీ, ఖాసీ జాతుల ఇంటిపేర్లలో ఒకదానికి సమానమైనదిగా మరొకదాన్ని జనం ఎంచుకుంటారు. భాష వేరైనా, జాతి వేరైనా ఫలానా ఇంటిపేరు వాళ్లు మనవాళ్లేనని లెక్క. పెళ్లిళ్లకూ, చుట్టరికాలకూ అదే ఆధారం. జోన్‌బీల్ మార్పిడి ఈ అల్లిక మీద నిలబడింది.

వస్తుమార్పిడి అంతా మంచిదేనా?

మొదట వస్తుమార్పిడి, దాని ఇబ్బందులు తీర్చడానికి డబ్బు పుట్టాయని 1776లో ఆడమ్ స్మిత్ రాసినప్పటి నుంచి బళ్లలో చెబుతూ వచ్చారు. 1985లో కరోలిన్ హంఫ్రీ అనే మానవశాస్త్రవేత్త లోకంలోని ఆధారాలు పరిశీలించి, కేవలం వస్తుమార్పిడి మీదే నడిచిన సమాజాన్ని ఇంతవరకూ ఎవరూ చూపించలేదని తేల్చింది. జోన్‌బీల్ చరిత్ర కూడా ఆ వైపే మొగ్గుతుంది. మేళా చుట్టూ డబ్బుకు అమ్మే దుకాణాలు బారులు తీరి ఉంటాయి. పిఠా ఇచ్చి అల్లం తీసుకున్న మనిషే పది అడుగులు వేసి నోటు ఇచ్చి దుప్పటి కొంటుంది.

అలాగని మార్పిడి ఎక్కడైనా న్యాయంగానే ఉంటుందని అనుకోకూడదు. మన విశాఖ మన్యం సంతల్లో ఒకప్పుడు ఉప్పుకు చింతపండు, ఎండుచేపలకు అడవి సరుకు మార్చుకునేవారు. అక్కడ ఎదురుగా కూర్చున్నది మామా కాదు, కొలత తన చేతిలో ఉన్న షావుకారు. కుంచెడు చింతపండుకు గుప్పెడు ఉప్పు కొలిచే ఆ దోపిడిని అరికట్టడానికే 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థను పెట్టాల్సివచ్చింది. మన్యంలో వచ్చే వారం కూడా షావుకారు మాటే నెగ్గేది. జోన్‌బీల్‌లో వచ్చే ఏడు కూడా ముఖం చూపించాలి. నాణెం ఉందా లేదా అన్నదానికంటే, కొలిచే చేతికి ఎదుటి మనిషితో ఏ సంబంధం ఉందన్నదే న్యాయాన్ని తేలుస్తుంది.

ఇక ముందు

జాగీరోడ్‌లో ఉన్న పెద్ద కాగితం మిల్లు 2017లో ఆగిపోయింది. ఆ స్థలంలోనే 27,000 కోట్ల రూపాయలతో టాటాల సెమీకండక్టర్ కర్మాగారానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. రోడ్లు, జీతాలు, కొత్త జనం వస్తున్నారు. గోభా దర్బారుకు మంత్రులు వస్తున్నారు, పర్యాటకులు కెమెరాలతో చుట్టూ మూగుతున్నారు.

ఈ రాకపోకల వల్ల మేళా చెడుతుందని నేననుకోను. రాజ్యాలు మారినా, కంపెనీ వచ్చినా, శిస్తు నగదైనా ఇది నిలిచింది. దీనికి అసలు ప్రమాదం వేరే చోట ఉంది. ఝూమ్ చెక్కల్లో పదిరకాల పంట పోయి ఒకే వాణిజ్య పంట మిగిలితే, బీల్ పూడిపోయి చేప తగ్గితే, పిఠాలు బేకరీ నుంచి వస్తే, మార్చుకోవడానికి ఏమీ మిగలదు. అప్పుడు వేదిక, రాజు, కెమెరాలు ఉంటాయి, మేళా ఉండదు. కాబట్టి జోన్‌బీల్‌ను కాపాడాలనుకునే ప్రభుత్వం పందిళ్లకు, వేదికలకు పెట్టే ఖర్చులో కొంతైనా ఆ చిత్తడి నేల పూడిక తీయడానికి, కొండచెక్కల్లో పాత పంటలు వేసే రైతుకు పెట్టాలి. ఇళ్లలో ఢేంకి ఆడినంతకాలం, కొండమీద అల్లం తవ్వినంతకాలం మామా మామీలు దిగివస్తూనే ఉంటారు.