స్లగ్ బగ్

అమెరికాలో దూరప్రయాణాల్లో వెనక సీటు పిల్లలు ఆడే ఆట ఇది. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కనబడగానే దాని రంగు అరిచి, పక్కవాడి జబ్బ మీద ఒక్కటివ్వాలి. ‘తిరిగి కొట్టకూడదు’ అని వెంటనే అనకపోతే బాకీ తీర్చేస్తాడు. స్లగ్ అంటే గట్టిగా గుద్దడం. బగ్ ఆ కారు ముద్దుపేరు. కంపెనీ లెక్కల్లో అది ఉత్త ‘టైప్ 1’. గుండ్రటి వీపు చూసి జనమే దాన్ని పురుగును చేశారు.

1998లో న్యూ బీటిల్ అమ్మకానికొచ్చాక తగువు మొదలైంది: దీనికి గుద్దు చెల్లుతుందా? పాతదాని ఇంజిన్ వెనక, గాలితో చల్లబడేది. కొత్తదానిది ముందు, నీళ్లతో. స్టీరింగ్ పక్కన చిన్న పూలగొట్టం పెట్టి మురిపించారు గానీ, లోపలంతా అదే కంపెనీ గోల్ఫ్ కారే. నన్నడిగితే పాతదానికి గుద్దు, కొత్తదానికి గిల్లుడు చాలు. పాతదాని తయారీ 2003లో మెక్సికోలోని ప్యూబ్లాలో ఆగిపోయింది. కొత్తదాని తర్వాత వచ్చిన రూపం తయారీ కూడా అక్కడే, 2019లో.